పెడల్ మెత్తగా దిగుతోంది

హలో… ఆ, నేనేనోయ్. ఏం లేదు, ఊరికే చేశా. ఎక్కడిదాకా వెళ్ళారు?

…స్పీకర్లో ఉన్నానా? మీ నాన్నగారు వింటున్నారా?… ఆ, నమస్కారం మామయ్యగారూ. కంగారేం లేదు లెండి, కళ్ళ డాక్టరు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు.

ఏమోయ్, ఒక్కసారి స్పీకర్ తీసి— …అవునులే, బండి నడుపుతూ ఎలా తీస్తావు. వద్దు. ఫోను ముట్టుకోకు.

అది కాదూ… బ్రేకు ఎలా ఉంది?… "బాగానే ఉంది" అంటే? ఆ గొంతేంటి అలా ఉంది?

ఏ రోడ్డు మీదున్నావ్?… రైలు వంతెనా! ఎక్కుతున్నావా, దిగుతున్నావా?

…ఎక్కుతున్నావు. సరే. విను. ఆపెయ్… అక్కడే. దిగుడు మొదలవ్వకముందే ఆపెయ్.

…ఎందుకో తర్వాత— సరే, చెప్తా, చెప్తా! తప్పు చేశాను. మామయ్యగారూ, మీరూ వినండి, తప్పు నాదే. ముందు బండి ఆపించండి.

యాక్సిలరేటర్ వదిలెయ్. గేరు దించు… ఇంకా దించు. బ్రేకు తొక్కిపట్టి ఉంచకు. తొక్కి వదులు, తొక్కి వదులు… గట్టిపడుతోందా? అలాగే. పక్కకి తీసుకో. ఇప్పుడు హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగు. దాని వైరు వేరే, నేను దాని జోలికి పోలేదు, పట్టుకుంటుంది… లాగావా?

హలో?… ఆగిందా?

…హమ్మయ్య. గేర్లోనే ఉంచి ఇంజను ఆపు. లైట్లు వెలిగించు. ఆయన్ని రోడ్డు వైపు దింపకు, గోడ వైపు దింపు.

…చెప్తున్నా. ముందు చక్రాలకి బ్రేకు పట్టే కాలిపర్లు కొత్తవి వేశా కదా. కుడిది ఎడమకి, ఎడమది కుడికి వేశా… ఆ, చెప్పులు మార్చి తొడుక్కున్నట్టే. గాలి తీసే స్క్రూ పైన ఉండాలి. మార్చి వేసేసరికి కిందికి పోయింది. గాలేమో పైన కూర్చుంది, నేనేమో కింద నుంచి బ్రేక్ ఆయిల్ వదిలి, బుడగలు రావట్లేదు, పనైపోయిందని సంబరపడ్డా.

…ఇప్పుడే తెలిసింది. ఆఫీసు గ్రూపులో గొప్పలు పోదామని ఫోటో పెట్టబోయా. అందులో చూశా. వెంటనే నీకు చేశా.

…అవును. నువ్వు చెప్పావు. నేను గాలి తీస్తుంటే లోపల కూర్చుని తొక్కుతూ, "పెడల్ మెత్తగా దిగుతోంది" అన్నావు… నువ్వు గుర్తుచేయకపోయినా నాకు గుర్తుంది. "తొక్కమంటే తొక్కు, వదలమంటే వదులు, మిగతాది నీకెందుకు" అన్నా. మీ నాన్నగారి ముందే అన్నా. సిగ్గుతో చచ్చిపోతున్నానిక్కడ.

మరి ఇవాళ బండి తీసినప్పుడు తెలియలేదా?… గేటు దగ్గరే తెలిసిందా? తెలిసీ ఎందుకు తీశావ్!

…ఎవరు పదమన్నారు?… ఫోను ఆయనకివ్వు.

మామయ్యగారూ… ఆ… ఆ… ఏమన్నారు మీరు? "అల్లుడు నడుం విరగ్గొట్టుకుని చేశాడు, వెనక్కి తిప్పితే చిన్నబుచ్చుకుంటాడు" అన్నారా?

…అయ్యో. మీ కూతురు నడుపుతున్న బండి అండీ అది. మీరు కూర్చున్న బండి.

…లేదండీ, కోప్పడట్లేదు. మీ మీద నేనెందుకు కోప్పడతాను?… చూశారా, ఇదే. నేను గొంతు పెంచితే చాలు, ఇంట్లో అందరూ…

…ఏమీ అనుకోను. నిజంగా అనుకోను మామయ్యగారూ.

తను చెయ్యెత్తితే టాక్సీ ఆగిందా? ఎక్కేయండి. బండి సంగతి నేనొచ్చి చూసుకుంటా. తను ఏమంటోంది?… ఆ హారన్లలో వినపడట్లేదు, మీరే చెప్పండి.

…"పని బాగానే చేశారు, ఒక్క స్క్రూ దగ్గరే కదా తేడా" అంటోందా?

అలా అనొద్దని చెప్పండి. తిట్టమనండి నన్ను… నడిరోడ్డయినా ఫర్వాలేదు, అందరూ విన్నా ఫర్వాలేదు, ఒక్కసారి నోరారా తిట్టమనండి— మామయ్యగారూ?… హలో?