రెండో పంపు దగ్గరి పాత కంప్యూటర్

అన్యాయం జరిగింది రైండర్‌కి, లామర్ట్. రైండర్ ఫెల్ట్‌కాంప్‌కి. ఈ పంపుహౌసుకి ఇరవయ్యారేళ్ళు కాపలా ఉన్న మనిషి. ఆరేళ్ళ కిందట, ఇదే నవంబరు నెలలో. నువ్వు తలుపు తోసుకొచ్చి నన్నడిగిన మొదటి మాటేమిటి? "ఈ డొక్కుని ఇంకా ఎందుకు ఉంచారు?" అని. ఎందుకుంచానో చెప్తాను, విను.

ఆ పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకో. పెట్టుకోమన్నానా. ఫ్లాస్కులో కాఫీ ఉంది. బిస్కట్టు తీసుకో. ఒక్కటే తీసుకుని డబ్బా మూసెయ్యి, మన మర్యాద అదేగా, నువ్వూ ఈ దేశంలో పుట్టినవాడివేగా.

గడియారం కేసి చూడకు. నాకూ తెలుసు. మూడింటికి సముద్రం వైపు లాకులు మూస్తారు. గాలి వాయవ్యానికి తిరిగింది, సముద్రం పొంగుతోంది. లాకులు మూశాక ఈ పల్లపు నేల మీద పడిన ప్రతి చుక్కనీ పంపులే ఎత్తి అవతల పోయాలి. మొదటి పంపు కంప్యూటరూ, మూడో పంపు కంప్యూటరూ పొద్దున్నే మార్చేశావు. మిగిలింది ఈ రెండోది. ఇప్పుడు ఒకటిన్నర. నాకు పావుగంట చాలు.

ఏమిటి, "మెయరింగ్ మేడం" అంటున్నావా? మేడం ఎవరు ఇక్కడ? హిల్కా అను. నలభై ఏళ్ళు ఈ నీటి మండలికి గుమాస్తాగిరీ చేశాను. ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఊరి లైబ్రరీలో అరలన్నీ వరసగా చదువుకుంటూ పోయాను. అందుకే నా నోరంటే మండలిలో అందరికీ దడ. దడ ఉండటం వేరు, గౌరవం ఉండటం వేరు. ఆ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.

సరే. రెండువేల పందొమ్మిది మార్చి. మూడు పంపులకీ మూడు కంప్యూటర్లు, అన్నిట్లోనూ ఇదిగో ఈ పాత ఆపరేటింగ్ సిస్టమే. దాన్ని తయారు చేసినవాళ్ళు ఉత్తరం రాశారు. ఇక దీనికి మందూమాకూ ఇవ్వం, కొత్త రోగం ఏదొచ్చినా మీ ఖర్మ అని. దాంతో మండలి కూర్చుంది.

మన మండళ్ళ సంగతి నీకు కొత్తా? ఏడుగురు కూర్చుంటారు. ఎనిమిది అభిప్రాయాలు. ఓటు వేసి ఒకణ్ణి ఓడించడమంటే మనవాళ్ళకి మహాపాపం. అందరూ ఒప్పుకునే దాకా కాఫీ తాగుతూనే ఉంటారు. ఈ సంగతి మీద నాలుగు మీటింగులు అయ్యాయి.

ఛైర్మన్ వుబ్బో కొత్త సిస్టమ్ కావాలన్నాడు. హామీ పత్రం వస్తుంది, ఏదన్నా అయితే తిట్టడానికి ఒక ఫోన్ నంబరు ఉంటుంది అని ఆయన లెక్క. పాడి రైతులు ముగ్గురూ పాతదే ఉండాలన్నారు. "పాలిస్తున్న ఆవుని ఎవడన్నా కసాయికి ఇస్తాడా?" అన్నాడు వాళ్ళలో ఒకడు. బడిపంతులు యోరిట్ మూడోది పట్టుకొచ్చాడు. ఎవరి సొత్తూ కానిది, ఊరికే దొరికేది, ఎవరైనా లోపలికి తొంగి చూడొచ్చు, కావాలంటే బాగుచేసుకోవచ్చు. "మన నీళ్ళ తాళంచెవి ఏదో పరాయి కంపెనీ జేబులో ఎందుకుండాలి?" అన్నాడు. మంచి మాటే. కాకపోతే దాని లోపలికి తొంగి చూడగలిగినవాడు ఊరంతటికీ యోరిట్ ఒక్కడే.

నవ్వకు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. అదే అసలు చిక్కు. ఎవడో ఒకడు వట్టి మూర్ఖుడైతే పని తొందరగా తేలేది.

నాలుగో మీటింగులో అందరూ విసిగిపోయి ఉన్నారు. అప్పుడొక మాట వచ్చింది. పంపులు మూడున్నాయి కదా, సిస్టమ్‌లూ మూడే కదా. తలా ఒకటి పెట్టుకుందాం. మొదటి పంపుకి కొత్తది, రెండోదానికి పాతది, మూడోదానికి యోరిట్‌ది. ఎవరూ ఓడరు. ఎవరి మొహమూ చిన్నబోదు.

గదిలో గాలి ఆడింది ఒక్కసారిగా. వుబ్బో బల్ల చరిచాడు. రైతులు తలలూపారు. యోరిట్ కళ్ళజోడు తుడుచుకున్నాడు.

అప్పుడు గోడవారగా కుర్చీలో కూర్చున్న రైండర్ లేచాడు. కాపలాదారుకి ఓటు లేదు. టోపీ చేత్తో పట్టుకుని, "ఏది పెట్టినా నాకొకటే. ఒకటే పెట్టండి. ఒక బండికి ముగ్గురు బండివాళ్ళయితే బండి బురదలో పడుతుంది" అన్నాడు.

"రైండర్, నీ బండి మాటలు బాగానే ఉంటాయిగానీ ఇది కంప్యూటర్ల సంగతి" అన్నారొకరు. అందరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. "నా మాట మినిట్స్‌లో రాయండి" అన్నాడు. అంతే, కూర్చున్నాడు.

నేను రాశాను. మినిట్స్ రాసేది నేనేగా. ఈ బల్ల మీదే, ఈ కీబోర్డు మీదే.

ఏడు నెలలు అన్నీ బాగానే నడిచాయి. మనల్ని చంపేది అదే, లామర్ట్. ఏడు నెలలు బాగా నడవడం.

నవంబరు ఏడు, గురువారం. పొద్దున తొమ్మిదికి లాకులు మూశారు. గాలి ఇవాళ్టి లాగే ఉంది. పదింటికి ఆ మొదటి పంపు కంప్యూటర్ తనంతట తను అప్‌డేట్ మొదలెట్టింది. తెర మీద నీలం రంగు, 'దయచేసి ఆపవద్దు' అని మర్యాదగా ఒక ముక్క. ముప్పై శాతం. ముప్పయ్యొకటి. ఊరు మునుగుతుంటే అంత మర్యాదగా ఎవరూ మాట్లాడగా నేను చూడలేదు.

అది తేరుకున్నాక కొత్త జాగ్రత్తలు నేర్చుకొచ్చింది. ఈ పాతదాన్ని నమ్మకూడదని అందులో ఒకటి. రోగిష్టిది, దూరంగా ఉంచు అని. పాతది పలకరిస్తే అది పలకదు. పాతదానికి ఉన్న తెలివెంత? మొదటి పంపు దగ్గర్నుంచి జవాబు వచ్చేదాకా ఆగు అని చెప్పారు, ఆగింది. మూడోది యోరిట్‌ది. దానికి ఆయనే స్వయంగా ఒక రక్షణ రాసి పెట్టాడు, మిగతా రెండూ ఉలుకూ పలుకూ లేకపోతే బయటి తూము మూసుకుపోయిందనుకో, మోటారు కాలిపోకుండా నువ్వూ ఆగు అని. ఆగింది.

మూడూ తమ తమ బుద్ధికి సరిగ్గానే నడుచుకున్నాయి. ఒక్కటీ తప్పు చేయలేదు. మూడు పంపులూ ఆగిపోయాయి.

యోరిట్ స్పెయిన్‌లో ఉన్నాడు, ఎండకి. వుబ్బో చెప్పిన ఫోన్ నంబరులో సంగీతం వినిపించారు. రైండర్ ఈ మూడు తెరల మధ్యా తిరిగాడు, బోనులో తిరిగినట్టు. చివరికి గొడ్డలి తెచ్చి ఆ గోడ మీది ఇనప పెట్టె తాళం పగలగొట్టి, లోపలి స్విచ్చులతో పంపులని చేత్తో నడిపాడు. ఆ పెట్టె తాళంచెవి మండలి ఆఫీసులో ఉంది, నిబంధన అది. ఒంటిగంటయింది అప్పటికి. మూడు గంటలు నీళ్ళు పెరిగాయి.

కాలవ వీధిలో అన్నిటికన్నా పల్లపు ఇల్లు ఆల్త్యాది. డెబ్బై తొమ్మిదేళ్ళు. నేలమాళిగలో ఆవిడ పెట్టుకున్న జాడీలు ఉంటాయి, బీన్సూ, పియర్ పళ్ళూ, ఏడాదికి సరిపడా. వాటిని పైకి తెద్దామని దిగింది. నవంబరు నీళ్ళు. ఆ చలికి గుండె ఆగిపోయిందన్నారు. రైండర్ పంపు తిప్పినప్పటికి ఆవిడ పోయి ఎంతసేపో అవలేదని కూడా అన్నారు. ఆ మాట రైండర్‌కి ఎవరో వెళ్ళి చెప్పారు. చెప్పకుండా ఉంటారా?

కాఫీ చల్లారుతోంది. తాగు.

తర్వాత విచారణ. రాష్ట్రం నుంచి ఇద్దరొచ్చారు. నివేదికలో ఏం రాశారో నాకు నోటికొచ్చు. 'కాపలాదారు నిబంధనకి విరుద్ధంగా తాళం పగలగొట్టాడు. మూడు సిస్టమ్‌ల ఏర్పాటు అతనికి ముందే తెలుసు. అతను ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. ఏర్పాటులో లోపం లేదు, జాగ్రత్త తీసుకోవలసిన మనిషి తీసుకోలేదు.'

అభ్యంతరం చెప్పలేదట. వాళ్ళు మినిట్స్ చూసే రాశారు. మండలి అట్టపెట్టెలో సంతకాలతో సహా ఉంది, 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని. రైండర్ పేరే లేదు అందులో.

అలా చూడకు. వస్తున్నాను.

రైండర్‌ని తీసేశారు. తీసేసినా బతికేవాడే. ఊళ్ళో జనం ఎదురొస్తే తల ఊపడం మానేశారు. మనవాళ్ళు తిట్టరు, కొట్టరు. తల ఊపడం మానేస్తారు. ఆయన అది రెండేళ్ళు భరించి, ఇల్లమ్ముకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆస్సెన్‌లో వృద్ధుల నిలయంలో ఉన్నాడు. మాట్లాడడట. కిటికీలోంచి వాన చూస్తాడట. కూతురు మరైకా ఈ ఏడు మళ్ళీ అర్జీ పెట్టింది, మా నాన్న వద్దన్నాడు, అందరిముందూ వద్దన్నాడు అని. మండలి జవాబిచ్చింది, రికార్డు చూపించమని. వచ్చే మంగళవారం దాకా గడువు.

ఇక ఇవి మూడూ అలాగే నడుస్తూ వచ్చాయి. తప్పు మనిషిదని తేల్చాక యంత్రాల్ని ఎవరు మారుస్తారు? ముగ్గురు బండివాళ్ళూ ఆరేళ్ళు అలాగే కూర్చున్నారు, మన నెత్తిన.

ఏటా బడ్జెట్ మీటింగులో ఈ పాతదాన్ని తీసేద్దామంటారు. ఏటా నేను లేచి అడ్డం పడతాను. "ఇది తేలిక, మన పంపుల ఒంటి తీరు దీనికి తెలుసు, కొత్తవి పేరుకి కొత్తవి" అని ఎక్కడెక్కడివో చదివి అప్పజెప్తాను. హిల్కాకి పాత డబ్బా మీద మోజు, ముసలిదానికి ముసలిదే తోడు అని నవ్వుతారు. నవ్వనిచ్చాను. ఈ ఏడు మాత్రం లేవలేదు. నాకు దీని మీద మోజేమీ లేదు, లామర్ట్. దీన్ని చూస్తే నాకు భయం.

ఎందుకో తెలుసా? దీనికొక అలవాటుంది. ఏ కాగితం మార్చినా, మార్చకముందుదాన్ని నకలు తీసి ఎక్కడో మూల దాచుకుంటుంది. నాకప్పుడు తెలియదు. నెల తర్వాత వేరే ఏదో వెతుకుతుంటే కనబడింది. రైండర్ మాట అందులో అలాగే ఉంది, బండీ, బురదా, ముగ్గురు బండివాళ్ళూ. కింద నేను రాసిన ముక్క, 'కాపలాదారు కోరికపై నమోదు' అని.

దాన్ని తుడిచేద్దామని ఎన్నిసార్లు వేలు పెట్టానో. ఇంకొకరు తుడవకుండా ఎన్నిసార్లు కాపు కాశానో. రెండూ నేనే. అలా ఎలా ఉంటారని అడుగు. ఉంటారు.

వుబ్బో మార్పించాడనుకుంటున్నావు కదూ. నీళ్ళొచ్చిన రెండో రోజు బాదం రొట్టె పట్టుకుని మా ఇంటికొచ్చి, "హిల్కా, ఒక్క ముక్క తీసెయ్యి" అని బతిమాలాడని. అందరికీ అలాగే చెప్పాలని అనుకున్నాను. నీకూ అలాగే చెప్దామనుకున్నాను, ఈ కాఫీ పోసేటప్పటిదాకా. ఆ ముసలాయన రాలేదు. ఎవరూ రాలేదు. ఎవరూ అడగలేదు.

తలా ఒకటి పెట్టుకుందాం అన్నది ఎవరనుకున్నావు? నేను. ఓటు లేని గుమాస్తాని, నాలుగో మీటింగులో నోరు తెరిచాను. ఎక్కడో చదివాను, తెలివైనవాళ్ళు ఎవరినీ ఓడించకుండా గెలిపిస్తారని. బండి మాటలు అంటూ రైండర్‌ని చూసి నవ్వించిందీ నేనే. జన్మలో ఒక పుస్తకం ముగించని మనిషి లేచి, అన్నీ చదివిన నా మాట తప్పన్నాడు. పైగా రాయమన్నాడు. నా చేతే. రాశాను, ఎందుకంటే అప్పటికి నేనే ఒప్పని నా నమ్మకం.

ఆల్త్యా శవాన్ని మెట్ల మీంచి తెస్తుంటే నేనూ ఆ వీధిలోనే ఉన్నాను. వెనక్కి వచ్చి, పొడి బట్టలు కట్టుకుని, మర్నాడంతా పడుకుని, ఆ తర్వాత ఇక్కడికొచ్చాను. అన్నిటికన్నా ముందు ఈ బల్ల దగ్గరికే వచ్చాను. ఆ మాట అక్కడ ఉంటే, ఎవరి మాట కాదన్నాడో కూడా అడుగుతారు కదా.

నకలు తీయకు. నకలైతే దొంగదంటారు. నీ సంచిలో కొత్త హార్డ్‌డిస్క్ ఉందిగా. ఈ పాతదాన్ని ఊడదీసి కవరులో పెట్టు, మీద నీ సంతకం, నా సంతకం. మరైకాకి నువ్వే ఇవ్వు. నా చేతికి ఇవ్వకు, నన్ను నేను నమ్మను. తర్వాత నీ కొత్తది పెట్టుకో, మూడూ ఒకే మాట మీద నడిపించు. రెండు కాలేదు, టైముంది.

ముందు ఇటు రా. నీ కళ్ళతో చూడు. మినిట్స్‌లో సంతకాలు చివరి పేజీ మీదే, మార్చిలోవి; ముందు పేజీ నేను మళ్ళీ అచ్చేసి పెట్టింది. ఈ ఫైలు పేరు మీద నొక్కు. పక్కనే చూడు, సన్న అక్షరాల్లో. కళ్ళజోడు లేకుండా నేను చదవగలను, అంతగా చూశాను.

చివరిసారి మార్చినవారు: ఎచ్. మెయరింగ్. శనివారం, 9 నవంబరు 2019, ఉదయం 10 గంటల 17 నిమిషాలు.