ప్రభావతక్క బల్లకు లేవని ఆదివారాలు

ఏ ఫోటో? ఇట్ల ఇయ్యి. ఔ, ఈ కుడి పక్కకు తల మీద కొంగేసుకొని నిలబడ్డది మా ప్రభావతక్క. నువ్వు పుట్టకముందే పోయింది బిడ్డా. అప్పుడు మేము నాంపల్లి స్టేషన్ ఎనుక కిరాయికుంటుంటిమి. గా కిరాయి ఇంట్ల వానొస్తే గిన్నెలన్నీ కిందనే, సరే, అది ఇంకో ముచ్చట. మా చదువులన్నీ ఉర్దూలనే. అక్క తెలుగు అక్షరాలు బైబిల్ చూసే నేర్చుకున్నది. అబిడ్స్ గుడిల ఆదివారం వాక్యం చదివేది అక్కనే. జర సాగదీసి, పాడినట్టు చదువుతుండె. మాకు గదే ఇంపు. యాభై ఆరుల రాష్ట్రం ఒక్కటైనంక కోస్తా దిక్కు నుంచి నౌకరీలకు మస్తు మంది వచ్చిన్రు. గన్‌ఫౌండ్రీల సుబ్బరత్నమ్మ అని ఉండె, గట్లొచ్చి మా గుడిల చేరినామెనే, మొగుడు సర్కారు ఆఫీసుల గుమస్తా. మంచిదే, కాదనను, ఎవరికి జరమొచ్చినా జావ కాచి తెచ్చేది. గానీ నోటికి అడ్డు లేదు. ఒకనాడు గుడి బయట అందరి ముందట, "ఏవండీ ప్రభావతిగారూ, వాక్యం చదివారా, టాంగావాడితో బేరమాడారా?" అన్నది. అందరు నవ్విన్రు. అక్క సుత నవ్వింది. మల్ల వారం బైబిల్ నా చేతుల పెట్టి, "నువ్వు చదువు తమ్ముడా, నా గొంతు పట్టేసింది" అన్నది. గంతే, మల్ల గుడిల చదవలే.

మన పద్ధతి తెలుసు గద. నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల ఇచ్చే ముందట అయ్యగారు జరసేపు ఆగుతడు. ఎవరి మీదన్న కోపముంటే పోయి సమాధానపడి రమ్మంటడు. మేమందరం ఊకెనే తల ఊపి రొట్టె తీసుకుంటం. అక్క మాత్రం బెంచీ మీదనే కూసునేది. "మాఫ్ చేసిన అనుకొని లేవరాదే అక్కా" అంటే, "ఎవరికి అబద్ధం చెప్పమంటవు రా, ప్రభువుకా?" అనేది. గట్ల ఏండ్లు గడిచినంక, ఆఖరికి తానే సుబ్బరత్నమ్మ ఇంటికి పోయింది, నన్ను తోలుకొని. "అమ్మా, మీ మీద మనసుల కోపం పెట్టుకున్న. క్షమించున్రి" అని చేతులు జోడించింది. "నా మీదా? ఎందుకమ్మా?" అన్నది ఆమె. అక్క చెప్పింది. "అయ్యో, నేనన్నానా ఆ మాట? నాకు గుర్తే లేదు సుమండీ" అని నవ్వి, కాఫీ ఇచ్చింది. మా గడప కాడికొచ్చినంక, "గిన్నేండ్లు బల్లకు ఉపాసమున్న రా. ఆమెకు గుర్తు సుత లేదట" అన్నది. మల్ల నెల సుత లేవలే. కోపం ఇంకింత పెరిగినట్టుంది.

అటెన్క కడుపుల గడ్డ లేసింది. దవాఖానల, ఇంటికి తీస్కపొమ్మన్నరు. అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం ఇంటికే తెచ్చిన్రు. ఆయనెనుక సుబ్బరత్నమ్మ, జావ గిన్నె పట్టుకొని. నాకు ఒళ్లు మండింది. వాక్యం నన్ను చదవమన్నరు. అక్క నా చేతులకెళ్లి బైబిల్ తీసుకొని తానే మొదలు పెట్టింది. దమ్ము లేదు, ఇంకా సాగదీస్తున్నది. చూడు, అప్పుడు సుత సుబ్బరత్నమ్మ, "అలా సాగదీయకండి ప్రభావతిగారూ, ఆపి ఆపి చదవండి" అన్నది. నేను లేవబోయిన. అక్క నా చెయ్యి వట్టుకొని ఆపింది. "మంచిదమ్మా, ఎట్లనో మీరు చెప్పున్రి" అన్నది. ఆమె ఒక్క మాట చదివితే అక్క గదే మాట చదివింది, బళ్లె చిన్నపిల్ల తీరు. ఆఖరు దాకా. చదువుడు అయినంక అరచెయ్యి చాపి, "ఇప్పుడియ్యున్రి అయ్యగారూ" అన్నది.

గా వారంలనే పోయింది. సమాధి కాడ సుబ్బరత్నమ్మ కండ్లు తుడుచుకుంట నా పక్కకొచ్చి, "చదవడం సరిగ్గా రాదు గానీ, పాపం, మంచి మనిషి" అన్నది. నోటి దాకా వచ్చింది బిడ్డా నాకు. అక్క అరచేతుల గా రొట్టె ముక్క యాదికొచ్చింది. "ఔనమ్మా" అన్న.

ఫోటో ఆడ పెట్టు. చాయ్ సల్లగైతున్నది, తాగు.