ఎనిమిది డిస్కులు, చిన్న ముక్కలు

ఆస్పత్రి కింది అంతస్తు, సర్వర్ల గది. తొమ్మిదికి ఇంకా అరగంట ఉంది. పదేళ్లుగా అక్కడి డిస్కుల బాగోగులు చూస్తున్న పెద్దాయన ఫోన్లో భార్య దగ్గర తన అక్కసంతా వెళ్లగక్కుతున్నాడు.

“చప్పట్లు కొట్టిందే! లేచి నిలబడి మరీ. పదేళ్లలో నాకెప్పుడైనా కొట్టిందా ఆ డైరెక్టరమ్మ?”

“పదేళ్లూ ఏదీ ఆగలేదు కదండీ. ఆగనిదానికి చప్పట్లెవరు కొడతారు?”

“నిన్న గాక మొన్న వచ్చిన పిల్ల! ఒక్క స్కాన్ తెరిచి చూపించింది. రెప్పపాటులో వచ్చిందట, రెప్పపాటులో!”

“వచ్చిందా, రాలేదా?”

“వచ్చింది. రాకేం.”

“మరి ఏడుపెందుకు?”

“ఏడుపు కాదు.”

“పోనీ, కడుపుమంట అందామా?”

“అను. మంటే. నిన్నట్నుంచి అన్నం సయించట్లేదు.”

“ఇంతకీ ఏం చేసిందా అమ్మాయి? నాకర్థమయ్యేలా చెప్పండి.”

“మా దగ్గర ఎనిమిది డిస్కులున్నాయా? ఒక్కో స్కాన్‌నీ ముక్కలు చేసి వాటికి పంచుతాం. నేను పెద్ద ముక్కలు పెట్టాను, ఒక స్కాన్‌కి ఒకటి రెండు డిస్కులు కదిలితే చాలు. ఈమె కొత్త డిస్కులు పెట్టి, ముక్కలు బాగా చిన్నవి చేసింది. ఇప్పుడు ఒక స్కాన్ అడిగితే ఎనిమిదీ తలా కాస్త అందిస్తాయి.”

“మంచిదేగా!”

“ఒక్కటే అడిగితే మంచిదే. తొమ్మిదింటికి నలభైమంది డాక్టర్లు తలా ఒకటి అడుగుతారు. ప్రతిదానికీ ఎనిమిదీ పరిగెత్తాలి. ఎనిమిదిమంది కలిసి ఒక్క సంచి మోస్తే తేలికే. నలభై సంచులూ అలాగే మోస్తామంటే?”

“ఎక్కడివక్కడే పడుంటాయి.”

“ఊఁ.”

“ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పారా?”

“అడిగితేగా!”

“అడగలేదా?”

“అంటే... అడిగింది. ఎలా ఉంది సార్ అని.”

“మీరేమన్నారు?”

“దివ్యంగా ఉందన్నాను.”

“ఛ! తెలిసి తెలిసి?”

“ఒక్క గంటే! ఒక్క గంట చతికిలపడనీ. నా పాత డిస్కులు అలాగే ఉన్నాయి. తెచ్చి తగిలిస్తా. అప్పుడు చూద్దాం, చప్పట్లెవరికో.”

“ఆ గంటలో తలకి దెబ్బ తగిలి ఎవరైనా వస్తే? వచ్చింది మా అమ్మయితే?”

“మధ్యలో మీ అమ్మెందుకు?”

“పోనీ మీ అమ్మనుకోండి.”

“సరేలే, చెప్తాను.”

“ఎప్పుడు?”

“ఆ పిల్ల వస్తోంది, పెట్టేయ్.”

“చెప్పండి. ఇప్పుడే చెప్పండి.”

“చెప్తానన్నానుగా, పెట్టు!”

“సార్, టీ. పంచదార వెయ్యలేదు.”

“అక్కడ పెట్టమ్మా. ఒక మాట... నువ్వు ఒక్క స్కానే తెరిచి చూశావు కదూ?”

“అవును సార్. ఏం?”

“నలభై ఒకేసారి తెరిచి చూడాలి. ముక్కలు మరీ చిన్నవైపోయాయి, అందరూ ఒక్కసారి మీద పడితే ఏదీ తెరుచుకోదు. నిన్ననే తెలుసు నాకు.”

“తెలుసా? మరి చెప్పలేదేం సార్?”

“నీకు చప్పట్లు కొట్టారని కుళ్ళుకున్నాను. అందుకు.”

“మీరా? నన్ను చూసా?”

“తర్వాత తీరిగ్గా తిట్టుకుందువుగాని. ఇంకా ఇరవై నిమిషాలుంది, పాత డిస్కులు తగిలించేద్దాం. ఎక్కడ పెట్టావు?”

“పాతవా సార్...”

“నీళ్లు నములుతావేం? ఎక్కడ?”

“ఇంకా పరీక్షలు చేద్దామనే అన్నాను సార్. పాతవి వారం రోజులైనా ఉంచుదామన్నాను. డైరెక్టరమ్మే వద్దన్నారు.”

“ఎందుకు?”

“‘ఆయన చూశాడా?’ అని అడిగారు. చూశారు, దివ్యంగా ఉందన్నారని చెప్పాను. ‘ఆయన ఒకసారి సరే అన్నాక ఇంక పరీక్షలెందుకు, పాతవి చెరిపేయ్’ అన్నారు. పొద్దున రాగానే చెరిపేశాను సార్.”