నీలం గోడ

పెళ్ళి కాగితాలకి అతికించే ఫోటోల వెనక గోడ నీలంగా ఉండాలి. జావాలోని క్లాతెన్ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పాక్ దర్సొనో, అంటే దర్సొనో గారి, ఫోటో స్టూడియోలో ఉన్నది మాత్రం ఎర్రగోడ. వాళ్ళ నాన్న కట్టించిన నాటినుంచీ ఎర్రదే. నీలం కావలసినవాళ్ళకి ఆయన కంప్యూటర్లో రంగు మార్చి ఇచ్చేవాడు.

శుక్రవారం పొద్దున్న, స్టూడియో ఎదురుగా ఉన్న బు యాతి, అంటే యాతి అమ్మగారి, కాఫీ కొట్టులో రినంతో అనే కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఆదివారం అతని పెళ్ళి. మొదట ఇచ్చిన ఎర్రగోడ ఫోటోలని పెళ్ళి ఆఫీసు గుమాస్తా తిప్పి పంపేశాడు. మధ్యాహ్నం నమాజు వేళకి ఆఫీసు మూస్తారు. ఆలోగా నీలం ఫోటోలు ఇవ్వకపోతే ముహూర్తం పోయినట్టే. అతని పక్కన రిక్షా తొక్కే పాక్ జుమాది వేయించిన తెంపే సోయా ముక్కలు నములుతున్నాడు.

పాక్ దర్సొనో కవరు పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. కవరు కోసం రినంతో చెయ్యి చాచాడు. ఆయన కవరు బల్ల మీద పెట్టి, దాని మీద మోచెయ్యి ఆనించి, కాఫీ చెప్పాడు.

"బల్ల మీద గుడ్డ ఏమైంది, బు యాతీ?" అన్నాడు జుమాది.

"తీగ మీద ఆరేస్తే ఎవరో పట్టుకుపోయారు."

"రోజులు బాగాలేవు," అన్నాడు దర్సొనో. "సరే, తమ్ముడూ, నీ ఫోటోలు ఎందుకు ఆలస్యమయ్యాయో చెప్తాను విను."

"చెప్పక్కర్లేదు పాక్, ఇచ్చేయండి చాలు."

"తొందరపడకు, తెలుసుకోవలసిన విషయం. మన పాత కంప్యూటర్ వానకి తడిసి పోయింది కదా, నేను సెమరాంగ్ వెళ్ళి కొత్తది తెచ్చాను, దాని లోపలి చిప్ ఎంత కొత్తదంటే పెట్టె విప్పేసరికి ఇంకా ఆవిరి వస్తోంది. సరే, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అందులో వేశాను. తెరుచుకోలేదు. 'ఈ కంప్యూటర్‌తో మాకింకా కుదరలేదు, కొత్త వెర్షన్ వచ్చేదాకా ఆగండి' అని తెర మీద రాసింది. జోగ్జాలో పెద్ద పెద్ద స్టూడియోలవాళ్ళు కూడా ఆ మాట పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నారు. నేను కూర్చునే రకమా?"

"ఇప్పుడు కూర్చునే ఉన్నారు," అంది బు యాతి, కాఫీ గ్లాసు ముందు పెడుతూ.

"ఆలోచించాను. సాఫ్ట్‌వేర్ వయసులో పెద్దది. చిప్ నిన్నగాక మొన్న పుట్టినా, ఆ ఇంటికి యజమాని అదే. మన జావా భాషలో పెద్దలతో మాట్లాడే మాటలు వేరు, తోటివాళ్ళతో మాట్లాడే మాటలు వేరు, అవునా? వయసులో పెద్దదాన్నని సాఫ్ట్‌వేర్ వెళ్ళి దాన్ని 'ఒసేయ్, తలుపు తియ్యి' అంటోంది. మీరైతే తీస్తారా? మా మేనత్త సొలో రాజుగారి కోటలో వడ్డన చేసిన మనిషి, ఆవిడ మర్యాద మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. కంప్యూటర్ మూత విప్పి, చిప్ ఎదురుగా చాప వేసుకుని కూర్చుని, 'తమరు దయతో అనుమతి ఇప్పిస్తే లోపలికి వస్తాను' అని సాఫ్ట్‌వేర్ చేత వల్లె వేయించాను. మొదట్లో దానికి నోరు తిరగలేదు. సాయంత్రానికి తిరిగింది. తలుపు తెరుచుకుంది."

"చిప్ మాట్లాడిందా?" అన్నాడు జుమాది.

"ఊరికే మాట్లాడలేదు, తల వంచి మాట్లాడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దానికి వేగం ఆగలేదు. ఒక జంట వచ్చి ఇంకా గుమ్మంలో చెప్పులు విడుస్తున్నారు, ఈలోగా ఫోటో బయటికి వచ్చేసింది. చూస్తే పెళ్ళికూతురి ఒళ్ళో పిల్లాడు. 'వీడెవడు?' అని ఆ పిల్ల కంగారుపడింది. 'మీవాడేనమ్మా, కంప్యూటర్ రెండేళ్ళు ముందుకి పోయింది' అని సర్దిచెప్పి, పిల్లాణ్ణి తుడిచేసి ఇచ్చాను."

"తుడుస్తుంటే ఏడ్చాడా?" అన్నాడు జుమాది.

"ఎందుకు ఏడవడు, పసివాడు కదా."

రినంతో గడియారం చూసుకున్నాడు. "పాక్, పదిన్నర దాటింది."

"అక్కడికే వస్తున్నాను. నీ ఫోటో తెర మీద పెట్టి, 'కాస్త నీలం ఇప్పించండి' అని మర్యాదగానే అడిగాను. అదే నేను చేసిన పొరపాటు. మర్యాదగా అడిగితే మనవాళ్ళు అడిగినంతే పెట్టి ఊరుకుంటారా? కంచం నిండేదాకా వడ్డిస్తారు. ఫోటోలో గోడ నీలమైంది, అంతటితో ఆగక నా స్టూడియోలో గోడ నీలమైంది, కరెంటు తీగ వెంట పోయి పక్కింటి కోళ్ళు నీలమయ్యాయి, అవి పెట్టిన గుడ్లు నీలం, కాలవలో నీళ్ళు నీలం, నేను లేచి ఆపేలోగా మెరాపీ కొండ పైనుంచి కిందిదాకా నీలం."

"దూరంనుంచి కొండ ఎప్పుడూ నీలమే కదా," అన్నాడు జుమాది.

"ఎప్పుడూ అంటే ఎప్పటినుంచి? నువ్వు సరిగా గమనించి ఉండవు."

రినంతో రోడ్డు అవతలికి చూశాడు. స్టూడియో తలుపు తెరిచే ఉంది. "మీ గోడ ఇంకా ఎర్రగానే ఉంది, పాక్."

"గోడని వెనక్కి తిప్పాను, కోళ్ళనీ తిప్పాను. కొండ దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. ఇంతలో సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు విమానం దిగి నేరుగా ఇక్కడికే వచ్చారు. 'అయ్యా, మావల్ల కానిది మీరెలా చేశారు, ఆ మర్యాద మాటలు మాకూ నేర్పండి' అన్నారు. 'మీతో నాకింకా కుదరలేదు, ఆగండి' అని బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. ఇంకా అక్కడే ఉన్నారు."

అందరూ తల తిప్పి చూశారు. బెంచీ మీద పిల్లి పడుకుని ఉంది.

"కాఫీకి వెళ్ళుంటారు," అన్నాడు దర్సొనో.

"ఈ వీధిలో కాఫీ కొట్టు నాదొక్కటే," అంది బు యాతి.

మసీదు మైకులో ఎవరో గొంతు సవరించుకున్నారు. రినంతో ఇక ఆగలేదు. దర్సొనో మోచేతి కిందినుంచి కవరు లాగి విప్పాడు. ఎర్రగోడ ఫోటోలోంచి కత్తిరించి పెట్టినట్టు తనూ, తన పెళ్ళికూతురూ పక్కపక్కన. వెనక నీలం, అంచులదాకా. అతను ఊపిరి వదిలాడు.

బు యాతి చెయ్యి తుడుచుకుని వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"పెళ్ళికూతురి చెవి పక్కన ఆ గుండ్రం ఏమిటి?"

"చంద్రుడు," అన్నాడు దర్సొనో. "శుభం కోసం కంప్యూటరే పెట్టింది."

"ఆ చంద్రుడు నా కాఫీ గ్లాసు అడుగు మరక. దాని కింద పసుపుదారం కుట్టు కూడా కనిపిస్తోంది. సిగరెట్టు పడి నా బల్లగుడ్డ కాలితే నేనే కుట్టాను."

జుమాది నమలడం ఆపాడు. దర్సొనో కాఫీ ఊదుకోవడం మొదలుపెట్టాడు.

రినంతోకి గుడ్డ ఎవరిదైనా ఒకటే. "బు యాతీ, గుమాస్తా దీన్ని ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకుంటాడు. ఆయన చూసేది రంగొక్కటే. అది మంచి రంగు, నేను ఏరి కొన్నాను. నువ్వు ముందు బయల్దేరు."

అతని స్కూటర్ మలుపు తిరిగింది. ఆ చప్పుడు పోయేదాకా దర్సొనో గ్లాసులోంచి తల ఎత్తలేదు. ఎత్తాక, గొంతు తగ్గించి, కోటలో మేనత్త మాట్లాడేటంత మర్యాదగా మాట్లాడాడు.

"బు యాతి గారూ, తమరు దయతో అనుమతి ఇప్పిస్తే, ఆ గుడ్డ ఇంకొన్నాళ్ళు నా దగ్గర ఉంటుంది. ఇంకా నాలుగు జంటలున్నాయి. కొత్త వెర్షన్ వచ్చే నెల వస్తుందని రాశారు."

బు యాతి బల్ల మీద ఒలికిన కాఫీ తుడిచింది.

"ఉంచుకోండి. మరి బెంచీ మీద ఆ కంపెనీవాళ్ళు కాఫీకి వస్తే, బల్ల మీద ఏం పరవమంటారు?"