రోజూ నూనె

కుట్టుమిషనూ, చదువుకునే బల్లా ఒకే గదిలో ఉన్నాయి. కూతురు ఫోన్‌లో చూపించిన ఇయర్‌బడ్స్ ధర చూసి దర్జీ తండ్రి కళ్లజోడు తీసేశాడు. ఆయన అలా తీస్తే ఒప్పుకోనట్టే అని ఆమెకు తెలుసు.

"చెవిలో పెట్టుకునే గింజలకి ఇంత ధరా తల్లీ?"

"ఇవి బయటి మోత వినబడనివ్వవు నాన్నా. చవకవి నీ మిషన్ ముందు పనికిరావు."

"నీ ఆన్‌లైన్ క్లాసప్పుడు నేను కుట్టడం లేదుగా."

"అదే నా బాధ. క్లాసు మొదలవగానే మిషన్‌కి నూనె వెయ్యాలంటావు. రోజూ ఎవరేస్తారు?"

"పాత మిషనమ్మా."

"మరి నిన్న తెల్లచొక్కా మీద ఆ మరకేంటి?"

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"నూనె ఎక్కువైంది."

"నాకోసం ఇంకా ఎన్నాళ్లు పని మానుకుని కూచుంటావు నాన్నా?"

"సరే, కొనుక్కో తల్లీ. నీ పరీక్షలయ్యేలోపు మిషన్‌కి అజీర్తి చేసేట్టుంది."