పురుగులకు నచ్చిన ఉప్మా

తెనాలిలో తన ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్న షాహినాను ఖాళీ చేయమని చెప్పడానికే ప్రభుదాసు మాస్టారు మెట్లు దిగారు. పెరట్లో ఆమె తొట్టి మూత తీసింది. లోపల వేలకొద్దీ పురుగులు లుకలుకలాడుతున్నాయి. మాస్టారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇదేంటమ్మా! ఇంట్లో పురుగుల్ని పెంచడమేంటి?"

"ఈగ పిల్లలండి మాస్టారూ. వంటింటి చెత్తంతా తినేసి ఎరువు చేస్తాయి. రేపల్లె రైతులొచ్చి పట్టుకెళ్తున్నారండి."

"పెద్దయ్యాక మా అన్నం మీద వాలతాయిగా?"

"లేదండి, ఇవి వేరే జాతి. ఇంట్లోకి రావు."

"అదంతా నాకు తెలీదు. మా ఆవిడకి ఇష్టం లేదు. వచ్చే నెల ఖాళీ చెయ్యమ్మా."

"అలాగేనండి. కాకపోతే ఒక్క మాట. రోజూ పొద్దున్నే మెట్ల కింద నా బకెట్లో మీరు వేసే ఉప్మా అంటే వీటికి ప్రాణమండి. నేను వెళ్ళిపోతే దాన్నెక్కడ వేస్తారు?"

మాస్టారు గబుక్కున మేడ వైపు చూశారు.

"చూశావా?"

"జీడిపప్పు ఏరుకోవడం కూడా చూశానండి."

"మా ఆవిడతో అన్నావా?"

"ఎలా అంటానండి? మాస్టారు ప్లేట్లో పలుకు కూడా మిగల్చరని ఆవిడ మురిసిపోతుంటే!"

మేడ మీంచి భార్య కేక వినిపించింది. "ఏవండీ! ఖాళీ చేయమన్నారా?"

"చేయమనడమేంటే! ఎంత మంచి పని చేస్తోందో తెలుసా ఈ అమ్మాయి? ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్తున్నా!"

అని, మాస్టారు తొట్టి మీదికి వంగి గొంతు బాగా తగ్గించారు.

"అమ్మా, రేపు కాకరకాయ కూరట. తింటాయా?"