గాడిద తువ్వాల

జెర ఆగు సేటు, గా టీవీని బండిల పెట్టనియ్యకు. చాయ్ తాగేదాంక ఆగు. ఓ పాత సామాన్ల తమ్మీ, నువ్వు గూడ కూసో, నీకు సుత ఒక చాయ్ చెప్తున్న. ఇది ఉత్త డబ్బ అనుకుంటున్నవా? ఇస్నాపూర్ల మొట్టమొదటి టీవీ ఇది. గీ కాశీనాథ్ సేటు కిరాణం దుకాణం అరుగు మీద పెడితే, ఐతారం పొద్దుగూకితే కిరాయి రూముల్ల ఉండేటోళ్లంత గీడనే కూసుందురు. బీహారోళ్లు, ఒడిశోళ్లు, మా మిల్లుల నాతోని పని చేసిన గీ పెంటయ్య, అందరు. మా నర్సింహమ్మ కొంగు నోట్లె కుక్కుకోని నవ్వుతుండె. పోయినేడు కాలం చేసింది గని, ఆ నవ్వు గీ అరుగు మీద కూసుంటే నాకు ఇప్పటికి ఇనొస్తది. గసువంటి టీవీని తూకానికి అమ్ముతడట సేటు. ఎందుకు అమ్మొద్దో చెప్త, ఇనుండ్రి.

గప్పుడు గాడిద బొమ్మల కామెడీ ఒకటి వస్తుండె, యాదికున్నదా? గాడిద గురువయ్య అని పేరు మనమే పెట్టుకున్నం, అసలు పేరుకు నోరు తిరగకపోయేది. గా గాడిద మెడల తువ్వాల ఏసుకోని ఊరందరికి తీర్పులు చెప్తుండె. ఒక ఐతారం నేను రెప్ప కొట్టకుంట సూస్తున్న. నిలబడి మాట్లాడితే తువ్వాల ఎర్రగున్నది. కూసున్నది, పచ్చగైంది. మల్ల లేసింది, మల్ల ఎర్రగైంది. ఇంతమందిల ఒక్కడన్న పసిగట్టిండా? నేనొక్కన్నే పట్టిన.

"పట్టింది నర్సింహమ్మొదినె," అన్నడు పెంటయ్య. "నువ్వు గోడకొరిగి కునుకు తీస్తుంటివి."

ఎవరు పడితేందిరా, మొగడు పెండ్లాలు ఇద్దరం ఒకటి కాదా? నడుమ అడ్డం రాకు. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? తెల్లారి పటాన్‌చెరు పోయి, ఫోన్ల డబ్బలకెళ్లి బొంబాయిల బొమ్మలేసే కంపెనీకి ఫోన్ కొట్టిన. గిట్ల గిట్ల మీ గాడిద తువ్వాల రంగు మారుతున్నది అన్న. వాళ్ల పెద్దసారు ఫోన్లనే ఏడ్చిండు. సత్తయ్యగారు, మా తాన గింతమంది సదువుకున్నోళ్లున్నరు, ఒక్కనికి కండ్లు లేకపాయె, ఇంకేమన్న తప్పులుంటే చెప్పుండ్రి అన్నడు. అడిగినంక చెప్పకపోతే పాపం గద. మీ గాడిద పొద్దుగాల లేస్తనే బన్ను తింటున్నదేంది, బన్ను జరమొచ్చినోళ్లు తింటరు, దానికి జొన్న గట్క పెట్టుండ్రి అన్న. ఎనుక గా మంచు కొండలేంది, మా దిక్కు పొగగొట్టాలుంటయ్, అవి గియ్యుండ్రి అన్న.

వారం తిరిగేసరికి సూస్తే గాడిద గట్క జుర్రుతున్నది, ఎనుక పటాన్‌చెరు పొగ లేస్తున్నది. ఇంకో వారం ఇస్మాయిల్‌ఖాన్‌పేట జాతరకు పోయి పీక ఊదుకుంట తిరుగుతున్నది. ఆ పీక ఎవరిదనుకున్నరు? నేను చిన్నగున్నప్పుడు జాతరల పోగొట్టుకున్నదే.

పాత సామానాయన చాయ్ ఊదుకుంట, పీకను ఎట్ల గుర్తుపట్టినవే అని అడిగిండు.

దాని మీద నా పంటి గాటుండె తమ్మీ. ఇగ ఇను. ఆ బొమ్మలోళ్లకు నేను లేంది తెల్లారుతలేదు. హెలికాప్టర్ ఏసుకోని సక్కగ ఇస్నాపూరే వచ్చిన్రు. దిగెటందుకు జాగ లేక నా జొన్న చేన్ల దిగిన్రు. ఆ రెక్కల గాలికి కంకులన్ని రాలి, గింజలు దేనికవే రాశి పడ్డయ్, తాలు ఎగిరిపోయి కొల్లూరుల పడ్డది. ఆ ఏడు మాకు కోత లేదు, తూర్పారపట్టుడు లేదు. నన్ను నిలబెట్టి నా బొమ్మ గీసుకున్నరు. గాడిద పక్కపొంటి మీసాల సర్పంచ్ ఒకడు కూసుంటుండె సూడు, వాడు నేనే.

"ఆ సర్పంచ్ మేక గదనే," అన్నడు పెంటయ్య.

మీసాలు నాయి, మిగిలింది మేకది. అసలు ముచ్చట ఇంకా ముంగటున్నది. ఒక ఐతారం ఆట నడుమ కరెంటు పోయింది. ఊరంత చీకటి, టీవీ మాత్రం నడుస్తనే ఉన్నది. గాడిద అద్దం దాంక వచ్చింది. ఒక కాలు బయట పెట్టింది, ఇంకో కాలు పెట్టింది, అరుగు మీదికి దిగి నా పక్కన కూసున్నది. సత్తన్నా, వచ్చే వారానికి ఏ రంగు తువ్వాల ఏసుకోవాలె అని మెల్లగ అడిగింది. మా ఇంటిదాన్ని అడిగి చెప్త అన్న. నర్సింహమ్మ దానికి చాయ్ పోసింది. తాగి, మూతి తుడుసుకోని, మల్ల గా టీవీలకే పోయింది. మల్ల బయటికి రాలే. ఇగ నువ్వే చెప్పు సేటు, గాడిద లోపల ఉండంగనే తూకమేసి అమ్ముతవా?

కాశీనాథ్ సేటు చాయ్ గ్లాసు కింద పెట్టిండు.

"సత్తన్నా, అది బ్లాక్ అండ్ వైట్ టీవీ," అన్నడు. "మా ఇంటామె రుక్మిణి సంగారెడ్డిల రంగుల ప్లాస్టిక్ అద్దం కొని ముంగట తగిలిచ్చింది. పైన నీలం, నడుమ ఎరుపు, కింద పచ్చ. గాడిద నిలబడితే తువ్వాల ఎరుపు దాంట్ల పడుతుండె, కూసుంటే పచ్చ దాంట్ల పడుతుండె. బొమ్మలోళ్లు ఏ తప్పు చెయ్యలే."

అరుగంత నవ్వింది. పాత సామానాయనకు చాయ్ గొంతుల అడ్డం పడి పొర వోయింది. సత్తయ్య ఒక్కడే నవ్వలే. లేసి టీవీ కాడికి పోయిండు.

"నర్సింహమ్మకు ఎరికేనా గీ సంగతి?" అని అడిగిండు.

"ఆమెకు అప్పుడే ఎరికైంది," అన్నడు సేటు. "రుక్మిణి తోని అన్నదట, మా ఆయనకు చెప్పకుండ్రి, ఊరంత చెప్పుకోని మురుస్తుండు, మురవనియ్యుండ్రి అని."

సత్తయ్య టీవీ మీద చెయ్యేసిండు. "రంగులు అబద్ధమే అనుకో సేటు," అన్నడు. "ఆమె నవ్వింది అబద్ధం కాదు గద. ఇంట్ల ఒక్కన్నే ఉంటే మనసున పడ్తలేదు. అది నడవకున్న మంచిదే, నాకియ్యి."

సేటు పాత సామానాయనకు పొమ్మని సైగ జేసి, లోపలికి పోయి, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ అద్దం గూడ తెచ్చి టీవీ మీద పెట్టిండు. "తీస్కపో. గని మోసెటందుకు గా గాడిదను పిలుస్తవా?" అన్నడు.

సత్తయ్య మెడల తువ్వాల తీసి సుట్ట చుట్టి నెత్తిన పెట్టుకోని కూసున్నడు. పెంటయ్య, సేటు ఇద్దరు పట్టి టీవీని ఎత్తిన్రు. మోకాళ్ల మీద చేతులానించి సత్తయ్య మెల్లగ లేసి నిలబడ్డడు.

"పైలం సత్తన్నా," అన్నడు పెంటయ్య, "లేసినవ్ గద, తువ్వాల ఎర్రగైతున్నది."